కుంచె తోకతో గీసిన గీత

లాడ్జి, మూడో అంతస్తు
మొదటి వారం

అక్కకి,

చేరాను. నేను దారిలో తప్పిపోతానని నువ్వు భయపడ్డావు, తప్పిపోతే బాగుండునని కూడా అనుకుని ఉంటావు. రెండూ జరగలేదు.

పని సంగతి విను. ఊరి చివర కొత్తగా ఇళ్ళు కట్టారు. ఆరువందల నలభై తలుపులు. అన్నీ ఒకే రంగు, ఒకే కొలత, ఒక్క కడుపున పుట్టినట్టు. ప్రతి తలుపు మీదా నంబరు రాయాలి. "ఎంతవరకు చదివావ్?" అన్నాడు మేస్త్రీ. "ఏడో తరగతి దాకా సార్, కానీ అంకెలు మీరు ఎంతదాకా చెబితే అంతదాకా వచ్చు" అన్నాను. నవ్వలేదు. ఆ మొహం మీద నవ్వు కావాలంటే మనమే రాయాలి, రెండు పూతలు వేసి.

లాడ్జిలో అంతస్తుకి నాలుగు గదులు, మొత్తం పన్నెండు. నా గదిలో ఓ మంచం, ఓ అద్దం. అద్దంలో సగం మొహమే కనపడుతుంది, మిగతా సగం గడ్డం గుర్తున్నంతమేరకు గీక్కోవాలి. లాడ్జి యజమానురాలికి తాళాలావిడ అని పేరు పెట్టాను, అడుగు వేస్తే గుత్తి మోగుతుంది. నేను బోర్డులు రాసేవాణ్ణని తెలియగానే, గదుల నంబర్ల రేకులు తుప్పుపట్టాయి, కొత్తవి రాసిపెడితే రోజూ ఓ బకెట్టు వేడినీళ్ళు ఇస్తానంది. రాసి కొట్టాను. రేకుకి రెండేసి మేకులు. ఇప్పుడు ఈ లాడ్జిలో ఎవరు ఏ గదిలో ఉండాలో చెప్పేది నా చెయ్యే.

తొమ్మిదో గదిలో ఒకాయన ఉన్నాడు. అరవై దాటాయి. ఒక్కడే ఊళ్ళు చూస్తూ తిరుగుతాడట. వాన లేదు, ఎండ లేదు, చేతిలో గొడుగు. "ఎవరికి పడతారండీ?" అన్నాను. "పట్టను, ఇది మూడో కాలు" అన్నాడు. నచ్చాడు. గొడుగాయన అని పిలుస్తున్నాను.

ఇది చదివి నవ్వుతావు, నాకు తెలుసు. ఎప్పట్లాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఇంట్లో ఎవరూ లేరు కదక్కా, చెయ్యి తీసి నవ్వు. పళ్ళేమన్నా పారిపోతాయా?

నీ తమ్ముడు


ఇల్లు, మిషను దగ్గర

తమ్ముడికి,

ఉత్తరం అందింది. కవరు మీద నీ రాత చూసి పోస్టు మనిషి "అచ్చు వేయించారా?" అని అడిగాడు. పొంగిపోకు.

నువ్వు లేక ఇల్లు ఇల్లులా ఉంది. ఉప్పు డబ్బాలో పంచదార లేదు. తలుపు తోస్తే నెత్తిన చెంబు పడలేదు. నాలుగు రోజులు ప్రాణం హాయిగా ఉంది. ఐదో రోజు ఉప్పు నాలిక మీద వేసుకుని చూసి మరీ కూరలో వేశాను. అలవాటు పాడుగాను.

ఆస్పత్రి వాళ్ళకి నలభై గౌన్లు కుట్టివ్వాలి. అన్నీ పచ్చవే. కళ్ళు మూసుకున్నా పచ్చగానే కనపడుతోంది.

ఆ పెద్దాయన జోలికి పోకు. ఒంటరిగా తిరిగే మనిషి కనపడ్డవాళ్ళనల్లా నమ్ముతాడు. నమ్మకపోతే గడప దాటలేడు. నీలాంటివాడికి అలాంటివాళ్ళు దొరకడం పిల్లికి పాలకుండ దొరికినట్టే.

అయినా ఒక్కడే ఎలా తిరుగుతాడురా? భయం వెయ్యదా? నేను ఈ ఊరి పొలిమేర దాటి పన్నెండేళ్ళు. ఆయన ఏం చేస్తాడో, ఎక్కడ తింటాడో రాయి.

అక్క


లాడ్జి
రెండో నెల

అక్కకి,

అడిగావు కాబట్టి రాస్తున్నాను.

ఆదివారం పొద్దున్నే ముందొచ్చిన బస్సు ఎక్కుతాడు. ఎక్కడికి పోతుందని అడగడు. చివరి స్టాపులో దిగి, అక్కడి నుంచి లాడ్జికి నడిచి రావాలి. ఎవర్నీ దారి అడక్కూడదు. అదీ నియమం. "దారి అడిగితే మనిషి మాట్లాడతాడోయ్, ఊరు నోరు మూసుకుంటుంది" అంటాడు. మరుసటి ఆదివారం నుంచి నేనూ తగులుకున్నాను. నా కాళ్ళు బొబ్బలెక్కాయి, ఆయన కాళ్ళు నడుస్తున్నాయని ఆయనకే తెలిసినట్టు లేదు. ఎక్కడ బల్ల కనపడితే అక్కడ తింటాడు, పక్కవాడు ఏది తింటే అదే తెమ్మంటాడు.

సాయంత్రం గదిలో కూర్చుని నడిచిన దారంతా పుస్తకంలో గీస్తాడు. వీధి పేర్లుండవు. "కుర్చీ వేలాడదీసిన కొట్టు. మూడు కాళ్ళ కుక్క. ఎప్పుడూ ఆరేసే ఉండే ఎర్ర దుప్పటి." నేను తర్వాత వెళ్ళి చూసొచ్చాను, ఒక్క మలుపు తప్పితే ఒట్టు. పదకొండు ఊళ్ళు, పదకొండు పుస్తకాలు. బడిలో ప్రయోగాల గదిలో ముప్పై నాలుగేళ్ళు సీసాలు కడిగాడట. ఏ సీసా ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడట. ఆ జ్ఞాపకమే ఆయన ఆస్తి.

భార్య లేదు. ఒక్కతే కూతురు, మందుల కొట్టులో పని. ఆ అమ్మాయి దగ్గర ఒట్టు వేసి బయటపడ్డాడు. వారానికో ఉత్తరం రాయాలి. ఏ రోజు దారి మర్చిపోతాడో ఆ రోజుతో తిరుగుళ్ళు ఆఖరు, నోరెత్తకుండా ఇంటికి పోవాలి.

ఒట్టు వేసిన మనిషిని చూస్తే నాకు అరచేతులు దురద.

మొన్న ఆయన టీకి కిందికి దిగినప్పుడు తొమ్మిది రేకు ఊడదీసి ఎదుటి తలుపుకి కొట్టాను, పది తెచ్చి ఆయన తలుపుకి కొట్టాను. నేను గదిలో తువ్వాలు నోట్లో కుక్కుకుని కిటికీ సందులోంచి చూస్తున్నాను. వచ్చాడు. తన తలుపు దగ్గరికే వచ్చాడు. పది అని ఉంది. ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఎదురుగా తొమ్మిది. తాళం పెట్టాడు, తిరగలేదు. మళ్ళీ పది దగ్గరికొచ్చి రేకు మీద చెయ్యి వేసి చూశాడు. తాళం మాత్రం పెట్టి చూడలేదు! రాసి ఉన్నాక ఎలా పెడతాడు? కింద తాళాలావిడ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడని తీసుకొచ్చేలోపు రేకులు ఎక్కడివక్కడ. "ఇదే కదండీ తొమ్మిది!" అని ఆవిడ గుత్తి మోగిస్తూ పోయింది. ఆయన లోపలికి వెళ్ళలేదు. చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాడు, గొడుగు ఒళ్ళో పెట్టుకుని.

నాకు పొట్ట చెక్కలయ్యింది. వారంలో ఐదుసార్లు చేశాను.

నీ తమ్ముడు


ఇల్లు

తమ్ముడికి,

నీ పొట్ట నిజంగానే చెక్కలైతే బాగుండును.

ఆయనకున్నది ఒక్క జ్ఞాపకమని నువ్వే రాశావు, మళ్ళీ దాని మీదే చెయ్యి వేశావు. ఆ రేకులు గట్టి మేకులతో బిగించు. వెంటనే వెళ్ళి చెప్పు, "తమాషా చేశాను, తిట్టండి" అను. తిడతాడు. అక్కడితో పోతుంది.

రాసి ఉన్నదాన్ని మనిషి నమ్ముతాడురా. కళ్ళు కాదన్నా నమ్ముతాడు. మనసు కాదన్నా నమ్ముతాడు. నాకు తెలుసు.

నలభై గౌన్లలో పదిహేను అయ్యాయి. ఆ మూడు కాళ్ళ కుక్క ఇంకా ఉందా?

అక్క


లాడ్జి
మూడో నెల

అక్కకి,

కుక్క ఉంది. నేనంటే దానికి పడదు. దానికీ తెలిసిపోయిందేమో.

చెబుదామనే అనుకున్నాను. ఈలోగా గొడుగాయన ఓ కబురు చెప్పాడు. పది రోజుల్లో బయల్దేరుతున్నాడట, పన్నెండో ఊరికి. సంచీ సర్దుతూ చెప్పాడు, వాన వచ్చేలా ఉందన్నట్టు. "నేనూ వస్తానండీ, తలుపులు ఇంకో రెండొందలే మిగిలాయి" అన్నాను. "ఊరు ఒక్కడికే కనపడుతుందోయ్, ఏమనుకోకు" అన్నాడు. మరి ఈ మూడు నెలలూ నాతో తిరిగినప్పుడు ఊరు కళ్ళు మూసుకుందా?

సరే. ఆ సాయంత్రమే కూతురికి ఉత్తరం రాశాడు. నాలుగు లైన్లు. కింద బోలెడు జాగా. "నువ్వు పోస్టాఫీసు మీదుగానే పోతావుగా, జిగురు పెట్టి వేసెయ్" అని నా చేతిలో పెట్టాడు. గోడ కానీ కాగితం కానీ, ఖాళీ జాగా చూస్తే నా చెయ్యి ఊరుకోదని నీకు తెలుసు.

ముందు కుంచె తోకతో, అదే కర్ర కొసతో, సిరా లేకుండా, సన్నగా గీత నొక్కాను. గీత ఉంటేనే నాకు రాత నిలబడుతుంది. పైన ఆయన రాతలోనే రాశాను. ఆయన అక్షరాలు కొంచెం ఎడమకి వాలతాయి, తలకట్లు గాలికి ఎగిరిపోతున్నట్టు ఉంటాయి. అచ్చు దించేశాను. "మొన్న నా గది ఏదో మర్చిపోయాను. మెట్ల మీద కూర్చున్నాను. నీకు చెప్పకూడదనుకున్నాను."

ఆ మూడో ముక్క చూశావా? అదీ పనితనం. మొదటి రెండూ ఎవడైనా రాస్తాడు.

ఆ పిల్ల చివాట్లు పెడుతూ ఉత్తరం రాస్తుంది, ఈయన కంగారుపడతాడు, నేను అసలు సంగతి చెబుతాను, ముగ్గురం నవ్వుకుంటాం. ప్రయాణం ఓ వారం వెనక్కి పోతుంది. అంతే కదా.

నీ తమ్ముడు


ఇల్లు

తమ్ముడికి,

ఒక్క సంగతి అడుగుతాను, తమాషాలు లేకుండా జవాబు రాయి. ఈ కుంచె తోకతో గీత గియ్యడం ఎప్పటి నుంచి? ఎవరు నేర్పారు? మామూలు మనుషులు ఎవరైనా ఉత్తరం రాసేటప్పుడు అలా గీస్తారా?

గౌన్లు అయిపోయాయి.

అక్క


లాడ్జి
నాలుగో నెల

అక్కకి,

ఇన్నేళ్ళకి నా విద్య మీద నీకు మనసు పోయిందన్నమాట! రాస్తాను విను. పద్దెనిమిదేళ్ళప్పుడు బోర్డుల గురువు దగ్గర చేరాను గుర్తుందా, ఆయన నేర్పాడు. పెన్సిలు గీత అయితే చెరపాలి, మరక మిగులుతుంది. కుంచె తోకది అయితే చెరపక్కర్లేదు, ఎదురుగా చూస్తే కనపడదు. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే తప్ప దేవుడికి కూడా తెలియదు. మామూలు మనుషులకి ఈ పిచ్చి ఎందుకుంటుంది? బోర్డులు రాసేవాళ్ళకే. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో గురువు పోయాక నేనొక్కణ్ణే.

ఇక్కడ ఓ చిన్న తిరకాసు వచ్చింది.

ఆ పిల్ల ఉత్తరం రాయలేదు. తనే వచ్చేసింది. నేను పని నుంచి వచ్చేసరికి సంచీలు కింద ఉన్నాయి. ఆయన చేతిలో ఆ ఉత్తరం పెట్టి "ఇది నువ్వు రాశావా నాన్నా?" అని అడుగుతోంది. చూశాడు. తిప్పి చూశాడు. "నా రాతేనమ్మా" అన్నాడు. "రాసినట్టు గుర్తు లేదు." ఆ పిల్ల మొహం ఎలా అయిపోయిందనుకున్నావు. తాళాలావిడ ఊరుకోవచ్చు కదా, "నాలుగైదుసార్లు గది తెలియక నా దగ్గరికి వచ్చారండీ" అంది.

అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను కూడా. కానీ ఆ పిల్ల ఏడుస్తోంది, తాళాలావిడ చూస్తోంది, ఆయనేమో నా భుజం మీద చెయ్యి వేసి "మంచి తోడు దొరికింది ఈ ఊళ్ళో" అంటున్నాడు. ఏడుపు మధ్యలో తమాషా అంటే ఎవరు నవ్వుతారు?

గొడుగు నా చేతిలో పెట్టాడు. "ఉంచుకో. దారి తెలిసినవాడివి. నాకింక బయట పనేముంది" అన్నాడు. పిడికి అడ్రసు కాగితం కట్టాడు. మన ఊరికి ఒక పూట బస్సు ప్రయాణమట. కింద రాస్తున్నాను, నువ్వూ ఓ ముక్క రాయి. నీ గురించి చాలా చెప్పాను.

ఆదివారం ఒక్కణ్ణే బస్సెక్కాను. చివరి స్టాపులో దిగి, అదే బస్సులో వెనక్కి వచ్చేశాను.

నీ తమ్ముడు


ఇల్లు

తమ్ముడికి,

నా పెట్టె అడుగున, పాత పట్టుగుడ్డలో ఒక ఉత్తరం ఉంది. నన్ను చేసుకుంటానని మాట ఇచ్చిన మనిషి, ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే ఆయన, పెళ్ళికి నెల ముందు రాసిన ఉత్తరం. రాశాడని నేననుకున్న ఉత్తరం.

నిన్న దాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకున్నాను. బట్ట మీద దులిపేసిన సుద్ద గీతే నా కంటికి కనపడుతుంది, ఇదెంత. ఏడు లైన్లు. ఏడు గీతలు.

"నీ నవ్వు నాకు నచ్చలేదు. నోరంతా తెరిచి నవ్వే మనిషిని వెంటబెట్టుకుని నలుగురిలోకి ఎలా వెళ్ళను? ఈ మాట నీకు చెప్పకూడదనుకున్నాను." అవును, ఆ ముక్క ఇందులోనూ ఉంది. పనితనం.

నీకప్పుడు పంతొమ్మిదేళ్ళు. తెల్లారి చెప్పి నవ్వుదామనుకున్నావేమో. నేను ఆ సాయంత్రమే ఆయన ఇచ్చిన గడియారం తిప్పి పంపేశాను, ఒక్క మాట రాయకుండా. ఆయనకీ పౌరుషం ఉంది. ఎందుకని అడగలేదు. నాలుగేళ్ళ తర్వాత బస్టాండులో ఎదురుపడ్డాడు, పక్కన భార్య. మొహం తిప్పుకున్నాడు. నా చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. నవ్వు లేకపోయినా.

ఇరవై రెండేళ్ళు నా చేతి వంట తిన్నావు. నా చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా "పళ్ళేమన్నా పారిపోతాయా" అన్నావు.

రాత్రంతా మిషను ముందు కూర్చుని నీ తమాషాలన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. నీ దగ్గరే పడి ఉండేవాళ్ళకి ఉప్పు డబ్బాలో పంచదార. వెళ్ళిపోయేవాళ్ళకి ఉత్తరం.

నా సంగతి అయిపోయింది. ఆ పెద్దాయనది అవలేదు. వెళ్ళు. ఆ ఇంట్లో, ఆ కూతురి ఎదురుగా, నీ నోటితో చెప్పు. గొడుగు తిరిగివ్వు. ఆ తర్వాత ఇంటికి రా. తిడతాను, కొడతాను, అన్నం పెడతాను. వెళ్ళకపోతే రావద్దు.

అక్క


లాడ్జి
ఐదో నెల

అక్కకి,

వెళ్ళానక్కా! మొన్న ఆదివారమే వెళ్ళాను. ఒట్టు.

ఇల్లు బాగుంది. ముందు వరండా, వరండాలో పేము కుర్చీ, కుర్చీలో మన గొడుగాయన. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కూతురు టీ ఇచ్చింది. నేను గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాను, రేకులు, ఉత్తరం, అన్నీ. తర్వాత ఆయన నవ్వడం మొదలుపెట్టాడు చూడు! కళ్ళెంబడి నీళ్ళు. ఆ గొడుగుతోనే నా వీపు మీద రెండు వేశాడు. ఆ పిల్ల కూడా "భలేవారండీ మీరు" అంది. పన్నెండో ఊరికి టిక్కెట్టు మళ్ళీ తీస్తాడట, ఈసారి నన్నూ రమ్మన్నాడు. చూశావా, నువ్వు ఊరికే అంత పెద్దది చేశావు.

ఆ పాత సంగతి. అప్పుడు నాకేం తెలుసక్కా, చిన్నతనం. చెబుదామని వచ్చేసరికి గడియారం వెళ్ళిపోయింది. తర్వాత రోజులు గడిచిపోయాయి. నిజం చెప్పాలంటే ఆయన నీకు తగినవాడు కాదు, గడ్డం కింద చర్మం వేలాడేది. పోనీలే, మంచే జరిగిందనుకో.

ఇంకో ముప్పై తలుపులే. అవగానే వచ్చేస్తాను. ఏం వండుతావు?

నీ తమ్ముడు


బస్టాండు

తమ్ముడికి,

ఆ ఇంటికి వరండా లేదు.

తలుపు తీస్తే వీధే. ఆ తలుపుకి లోపల పైన కొత్త గడియ బిగించారు, ఆయన చెయ్యి అందనంత ఎత్తులో. నాకెలా తెలుసంటావా? నువ్వు పేము కుర్చీ ముందు టీ తాగుతున్నానన్న ఆ ఆదివారం, అక్కడ ముక్కాలిపీట మీద కూర్చున్నది నేను. నువ్వు వెళ్ళవని తెలుసు. వెళ్తే ఎదురుపడతావని చిన్న ఆశ. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా తలుపు వంక చూస్తూనే ఉన్నాను.

ఇంట్లో ప్రతి తలుపుకీ కూతురు కాగితం ముక్కలు అంటించింది. వంటిల్లు. స్నానాల గది. నాన్న గది. ఆయన ఒక్కో కాగితం ముందు ఆగి, చదువుకుని, లోపలికి వెళ్తాడు. నువ్వు రాసే తలుపుల లాంటివే. నీకన్నా పెద్ద అక్షరాలు.

నా పెట్టెలోని ఉత్తరం, వాళ్ళ దగ్గరున్న ఉత్తరం పక్కపక్కన పెట్టి వెలుతురులో చూపించాను. ఆయన రాసిన నాలుగు లైన్ల కింద ఏ గీతా లేదు. ఆ చివరి ముక్కల కింద మాత్రం గీత. ఆయన వేలితో ఆ గీత తడిమాడు. "మంచి పనివాడమ్మా మీ తమ్ముడు. రాసి మర్చిపోయాననే అనుకున్నాను" అన్నాడు. రేకుల సంగతి చెబితే నవ్వాడు. నేనూ నవ్వాను, నోరంతా తెరిచి. చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

అంతా సర్దుకుందనుకుంటున్నావేమో, ఆగు. కూతురు లేచి, కుర్చీ ఎక్కి ఆ పై గడియ తీసి, తలుపు బార్లా తెరిచింది. "వెళ్ళు నాన్నా, అలా వీధి చివరిదాకా" అంది. ఆయన గడప మీద నిలబడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. నా వైపు తిరిగి మెల్లిగా అడిగాడు, "ఎడమకా అమ్మా, కుడికా?"

దారి అడిగాడురా.

గుర్తులేక కాదు. గుర్తున్నదాన్ని నమ్మలేక. నువ్వు చేసింది నేను చెప్పినా ఆ గీత చెరగలేదు. నువ్వే రాశావుగా, కుంచె తోకది చెరపక్కర్లేదని.

ఇల్లు ఖాళీ చేశాను. మిషను ఎదురింటి అమ్మాయికి ఇచ్చేశాను. గుమ్మం మీద నువ్వు రాసిన నంబరు గీకేశాను. ముందొచ్చిన బస్సు ఎక్కుతున్నాను. ఎక్కడికి పోతుందని అడగలేదు, అడిగినా నీకు రాయను. నా కోసం వెతకొద్దు, వెతికే రకం కాదు నువ్వు.

ఉత్తరాలు లేకపోతే నీకు తోచదని తెలుసు. నా చేతిరాత నీకు వచ్చుగా. రాసుకో.

అక్క


ఇల్లు, మిషను దగ్గర

తమ్ముడికి,

కోపం పోయిందిరా. తోడబుట్టినవాడివి, ఎక్కడికి పోతావు, నేనెక్కడికి పోతాను. ఇల్లు ఖాళీ చేశానని రాసింది ఉత్త తమాషా. నీ దగ్గర నేర్చుకున్నదే, భలే నమ్మావు కదూ!

గొడుగాయన కులాసా. పన్నెండో ఊరు బయల్దేరాడట, ఎవర్నీ దారి అడగకుండా. ఆ పాత సంగతి నేనెప్పుడో మర్చిపోయాను, నువ్వూ మర్చిపో. ఆరువందల నలభై తలుపులూ అయిపోయాయి కదా, ఇంకా ఆ లాడ్జిలో ఏం చేస్తున్నావు? వచ్చెయ్. వేడివేడిగా వండి పెడతాను. ఉప్పు డబ్బాలో ఉప్పే ఉంది, ఒట్టు.

నీ సంగతులు తలుచుకుని ఇప్పుడే నవ్వుకున్నాను, ఎప్పట్లాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

నమ్మకం లేకపోతే ఈ కాగితం కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూసుకో. ఈసారి గీత గియ్యకుండానే రాశాను.

అక్క